నాలుగో జ్వరం

"సెంటు కొట్టుకున్నోళ్లు లోపలికి రాకూడదు."

పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయిని ఏ పెళ్లికూతురూ ఇలా నిలబెట్టి ఉండదు. సుమలత నిలబెట్టింది. చీర లేదు, పూలు లేవు. పట్టుపురుగుల షెడ్డు తలుపుకు అడ్డంగా, చేతిలో సున్నపుపొడి డబ్బాతో.

సురేంద్ర చొక్కా వాసన చూసుకున్నాడు. "కుప్పంలో బస్సెక్కేటప్పుడు సగం సీసా కొట్టుకున్నా. నీకు నచ్చాలని."

"నాకు కాదప్పా, పురుగులకు నచ్చాల. బోరు కాడ స్నానం చేసి రా."

ఆమె తల్లి మునెమ్మ తల పట్టుకుంది. అతని తల్లి మాత్రం నవ్వేసింది. కాసేపటికి పెళ్లికొడుకు తడి తలతో, సుమలత నాన్న పాత లుంగీలో తిరిగొచ్చాడు. ఆ లుంగీ నడిచొస్తుంటే ఒక్క క్షణం నాన్నే వస్తున్నాడనుకుంది సుమలత.

లోపల చల్లగా, మసగ్గా ఉంది. తట్టల నిండా వేల పురుగులు. ఒక్కటీ కదలడం లేదు. అన్నీ తలలు పైకెత్తి బిగుసుకుపోయాయి.

"అన్నీ నన్నే సూస్తాండాయి." సురేంద్ర గొంతు సగమైంది. "సచ్చిపోయినాయా?"

"నాలుగో జ్వరమంటాం దీన్ని. తిండి మానేసి పాత చర్మం ఇడుస్తాయి. ముట్టుకోవద్దు."

బయట కోళ్ల అరుపు కూడా లోపలికి రావడం లేదు. తట్టల వరస చివర, మూలనుంచి ఎవరో మెల్లగా ఊపిరి పీల్చారు. సుమలత గబగబా తలుపు వైపు నడిచింది.

"యాడికి పోతాండావు?"

"మా నాయన పోయింది ఈడే. పోయిన పంటకి, నాలుగో జ్వరంలోనే. ఆ మూల స్టూలు మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు. పక్కనే ఉండాను, నాకు తెలీనే లేదు." చెప్పకూడదనుకున్నది కూడా వచ్చేసింది. "షెడ్డుకు పుంగనూరు నించి బేరమొచ్చిండాది. నీ మొగం కూడా సూడకుండా పెళ్లికి ఒప్పుకుందామనుకున్నా. ఈడనించి పోతే చాలని."

అతను నొచ్చుకుంటాడనుకుంది. అతను మూలకు నడిచి, స్టూలు మీద కాదు, దాని పక్కన నేల మీద చతికిలపడ్డాడు.

"నాకూ బయంగానే ఉండాది. కాళ్లు సూడు, వణకతాండాయి. మీ నాయన లుంగీ కప్పబట్టి పరువు దక్కింది గానీ..."

సుమలతకు నవ్వొచ్చింది. ఆ నిశ్శబ్దంలో నవ్వు పెద్దగా వినబడింది. ఏమీ కాలేదు. వెనక్కొచ్చి, స్టూలుకు అటుపక్క తనూ కూర్చుంది.

మళ్లీ ఆ ఊపిరి. ఈసారి ఆమె పారిపోకుండా వింది. తనదా, అతనిదా, మరొకరిదా, తేలలేదు. ఎవరిదైనా తనకు కీడు చేసేది కాదనిపించింది.

కళ్ల ముందే ఒక పురుగు మెలికలు తిరిగి, ముడతలు పడ్డ చర్మాన్ని వెనక వదిలేసి ముందుకు జరిగింది. చిన్నప్పుడు నాన్న ఇది చూపించడానికే తనను భుజాన మోసుకొచ్చేవాడు. ఎంత బాగుంటుందో ఆమె మర్చిపోయింది. ఒక్కొక్కటిగా తలలు కదిలాయి. అన్నీ లేచేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"ఇంగ ఆకు పెట్టాల, లెయ్యి."

ఇద్దరూ మల్బరీ ఆకు పరిచారు. కాసేపటికి షెడ్డంతా జోరు వాన చప్పుడు.

"వానొస్తాండాది!" సురేంద్ర తలుపు తీశాడు. బయట ఎండ మండిపోతోంది. మునెమ్మ అతన్ని వింతగా చూసింది. అతను తిరిగొచ్చి, తట్టల మీదికి వంగి, నోరు తెరుచుకుని విన్నాడు.

"ఇవి తినే చప్పుడా ఇది?"

సుమలత తలూపింది. ఇద్దరూ బయటికొచ్చేసరికి మునెమ్మ ఎదురొచ్చింది. "ఏమనుకున్నావమ్మా?"

"షెడ్డు అమ్మను."

"అది కాదే, పిల్లోడి సంగతి!"

సుమలత మొదటిసారి అతని ముఖం సరిగ్గా చూసింది. "కుప్పానికి పోయినా, పంట పంటకూ నేనీడికి వస్తా. దానికి సరేనంటే, నాకు ఇష్టమే."

సురేంద్ర లుంగీ సర్దుకున్నాడు. "మళ్లా నాలుగో జ్వరం ఎప్పుడొస్తాది?"

"వచ్చే పంటకి. యాల అడగతాండావు?"

"స్టూలు పక్కన నా జాగా ఎవురికీ ఇయ్యొద్దు."