ప్రస్థానం పెట్టిన ఇల్లు

"ఊటీ నుంచి మైసూరుకి కొడైకెనాల్ మీదుగా వెళ్తారా ఎవరైనా? మ్యాప్ తలకిందులుగా పట్టుకుని రాశారా ఏంటి?"

చందన కాగితాన్ని టేబుల్ మీద పడేసింది. నందిగామలో కార్లు అద్దెకిస్తూ, టూర్లు ప్లాన్ చేసిపెట్టే నవనీత్ నవ్వాపుకున్నాడు.

"సారీ అండి. రేపొస్తే సరిచేసి ఇస్తా."

"వాట్సాప్‌లో పంపలేరా?"

"ప్రింటయితే క్లియర్‌గా ఉంటుందండి!"

ఇది ఆరో ప్లాన్. మొదటిది నిజంగా పొరపాటే. తర్వాతవన్నీ కావాలని చేసినవే. తప్పు దొరికినప్పుడల్లా చందన జగ్గయ్యపేట నుంచి బస్సెక్కి మరీ వచ్చి తిట్టిపోతుంది. ఆ తిట్లు పడకపోతే నవనీత్‌కి అన్నం సయించడం లేదు. ఖర్మ కాకపోతే ఏంటి!

చందనకి సరస్సుల పక్కన బస కావాలి. పప్పుల హోల్‌సేల్ వ్యాపారి అయిన వాళ్ళ నాన్న కుటుంబరావుకి చెన్నై, మైసూరు, బెంగళూరు చూడాలి. మొత్తం తొమ్మిది రోజులు, డ్రైవింగ్ నవనీతే.

ఆరోజు చందన వెంట వచ్చిన నాయనమ్మ సత్యనారాయణమ్మ గొంతు సవరించుకుంది.

"బెంగళూరులో ఒక సాయంత్రం ఖాళీగా ఉంచు నాయనా. దీన్ని చూసుకోడానికి పెళ్ళివారొస్తారు."

నవనీత్ పెన్ను ఆగిపోయింది.

"రాసుకోండి," అంది చందన అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ. "దీన్ని కూడా తప్పు రాస్తారా?"

పెద్దావిడ ముందు ఏమంటాడు? బుద్ధిగా రాసుకున్నాడు. చందన మూతి ముడుచుకుంది.

"శుక్రవారం ప్రయాణానికి గడియ బాలేదు," అంది నాయనమ్మ. "బుధవారం పొద్దున్నే ప్రస్థానం పెట్టేద్దాం."

"అంటే ఏంటండీ?"

"మంచి గడియలో ఒక బ్యాగు బాగా కావలసినవాళ్ళింట్లో పెడితే, అప్పుడే బయల్దేరినట్టు లెక్క. వెళ్ళేరోజు దారిలో తీసుకోవడమే. పరాయి ఇంట్లో పెడితే చెల్లదు. ఈ ఊళ్ళోనే దీని మేనత్త ఉందిగా, అక్కడ పెట్టొస్తుంది."

బుధవారం నవనీత్ విమానాశ్రయం ట్రిప్పులో ఉన్నాడు. గురువారమంతా 'చెప్పేస్తే పోలా' అనుకుంటూ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పిరికి సన్నాసి, చెప్పలేదు.

శుక్రవారం అందరినీ ఎక్కించుకుని జగ్గయ్యపేటలో బయల్దేరాడు. నందిగామలోకి రాగానే కుటుంబరావు అన్నాడు. "చెల్లాయి ఇంటికి పోనీవయ్యా, బ్యాగు తీసుకోవాలి."

"అక్కడ పెట్టలేదు నాన్నా," అంది చందన.

"మరెక్కడ పెట్టావే?"

"ఎడమ వైపు సందులోకి తిప్పండి. మూడో ఇల్లు."

నవనీత్ బ్రేక్ తొక్కేశాడు. అది తన ఇల్లు! గుమ్మంలో వాళ్ళమ్మ పసుపూ కుంకుమా పెట్టిన బ్యాగు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

"బాగా కావలసినవాళ్ళింట్లో పెట్టమన్నావుగా నాయనమ్మా," అంది చందన. "పెట్టా."

కుటుంబరావు బ్యాగునీ, నవనీత్‌నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమయ్యా, నీకు ముందే తెలుసా?" కుటుంబరావు గొంతు గంభీరంగా ఉంది.

"బ్యాగు సంగతి తెలీదండి. అమ్మ కూడా చెప్పలేదు." నవనీత్ వెనక్కి తిరిగాడు. ఇప్పుడూ నోరు విప్పకపోతే ఈ జన్మకింతే అనిపించింది. "మీ అమ్మాయంటే మాత్రం నాకు ప్రాణమండి. ఆ ప్లాన్లన్నీ తప్పులు రాసింది ఆవిడ మళ్ళీ రావాలనే."

"నాకు రెండోదానికే తెలిసింది," అంది చందన. "లేకపోతే అన్నిసార్లు బస్సెందుకెక్కుతా?"

కుటుంబరావు తల్లి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే కారు దిగుతోంది.

"ఒకసారి పెట్టిన ప్రస్థానం మార్చకూడదురా అబ్బాయ్. దిగు, వియ్యపురాలి చేతి కాఫీ తాగి వెళ్దాం. ఆ బెంగళూరు వాళ్ళకి ఫోన్ చేసి రావొద్దని చెప్పు."

కుటుంబరావు నిట్టూర్చి, ఆనక నవ్వి ఫోన్ తీశాడు.

చందన ముందుకి వంగింది. "ఆ సాయంత్రం కూడా సరస్సు పక్కనే ఉండేట్టు ఏడో ప్లాన్ రాయండి."

"రేపొస్తే ఇస్తానండి," అన్నాడు నవనీత్ అలవాటుగా.

"ఇంక రానక్కర్లేదు. ఇక్కడే ఉన్నాగా," అంది చందన.