తీయని రెండో మోకాలు

ఆ రోజు రేపల్లెలో ఆ ఇంట్లో నలుగురున్నారు. మంచం మీద కాలికి సిమెంటు కట్టుతో అన్సార్, పక్కన వాళ్ళమ్మ గౌస్ బీ, వంటింట్లో టీ పెడుతున్న అక్క నాజియా, కుర్చీ అంచున తల దించుకుని కోచ్ రాజ్ కుమార్ సార్. గుమ్మంలోకి వచ్చి నిలబడింది ఏంజెల్.

"ఎక్స్‌రే మేడమ్ వచ్చారమ్మా. నవ్వమంటారాండి?" అన్నాడు అన్సార్.

అంతకు ముందు తెనాలి స్కానింగ్ సెంటర్లో ఆమెను మొదటిసారి చూసినప్పుడూ ఇదే మాట అన్నాడు. చుండూరు నుంచి వచ్చి ఏంజెల్ అక్కడ పని నేర్చుకుంటోంది. అన్సార్ లాంగ్‌జంప్ చేస్తాడు. మోకాలి కింద నొప్పని వచ్చాడు. డాక్టరు చీటీలో రెండు మోకాళ్ళకూ ఎక్స్‌రే తీయమని ఉంది. ఎదిగే వయసులో అక్కడ ఎముకకు మామూలుగానే ఒక గీత ఉంటుంది. బాగున్న కాలితో పోలిస్తేనే అది గీతో, కండరం లాగి ఊడదీసిన ముక్కో తెలుస్తుంది.

"ఆ కాలు బాగానే ఉందండి. బండి తప్పిపోతే మీరే రేపల్లెలో దించాలి మరి," అన్నాడు, రెండో మోకాలికి తీయబోతుంటే.

ఆమె చెవులు వేడెక్కాయి. ఆగమనకుండా, రెండో ఫిల్మ్ తీయకుండానే పంపేసింది.

సాయంత్రం ఫిల్మ్ చూసిన డాక్టరు ఫోన్లో, "రెండోదీ ఇలాగే ఉందామ్మా?" అన్నారు. తీయలేదని చెప్పడానికి భయమేసింది. "ఉందండి," అంది. అయితే అది మామూలు గీతేనని ఆయన రిపోర్టు రాసేశారు.

వారం తిరక్కుండా బాపట్ల పోటీల్లో, మూడో జంప్‌కి అన్సార్ మోకాలి కింద ఆ ముక్క పూర్తిగా ఊడి పైకి జరిగింది. ఆపరేషన్ చేశారు. రాష్ట్ర జట్టులో చోటు పోయింది.

"నొప్పంటున్నా దూకించాడమ్మా ఈయన," అంది ఇప్పుడు గౌస్ బీ, కోచ్‌ని చూపిస్తూ ఏంజెల్‌తో.

"రిపోర్టులో బాగుందని ఉందమ్మా," అన్నాడు సార్ మెల్లగా.

"ఇక మా గడప తొక్కకండి," అంది గౌస్ బీ ఆయనతో.

"సార్ తప్పు లేదండి," అంది ఏంజెల్. తీయని ఫిల్మ్ సంగతి, ఫోన్లో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. టీ గ్లాసుతో వస్తున్న నాజియా వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆగమంటే ఆగేవాణ్ణి కదండీ," అన్నాడు అన్సార్.

"మీరు నవ్వుతుంటే కాదనలేకపోయాను. అప్పట్నుంచి ఆ నవ్వే గుర్తొస్తోంది. ఆ మాట డైరీలో రాసుకున్నాను గానీ, మీకు చెప్పలేకపోయాను."

అతను చంకకర్రలు అందుకున్నాడు. తల్లి పట్టుకోబోతే వద్దన్నాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఏదో అంటాడని ఏంజెల్ మెట్టు దిగి వెనక్కి తిరిగింది. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"జాగ్రత్తగా వెళ్ళండి," అని, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.