కాఫీరంగు ఫ్రేము

"కళ్లజోళ్ల షాపులో పనిచేస్తూ ఇలాంటి జోడు పెట్టుకుంటే ఎలాగండీ? మన సరుకు మీద మనకే నమ్మకం లేదనుకోరూ?"

కొత్తగా చేరిన నాడు అతడు ఆమెతో అన్న మొదటి మాట అది. షాపులో కళ్లు పరీక్షించేది ఆమె. అందరూ డాక్టరమ్మ అంటారు. ఆమె పెట్టుకున్నది కాలేజీ రోజుల నాటి కాఫీరంగు ఫ్రేము. అంచులు అరిగి తేనెరంగుకు తిరిగాయి. ఒక కాడకు నల్లదారం చుట్టి ఉంది.

ఆమె జోడు తీసి, చున్నీ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని అతణ్ణి నింపాదిగా చూసింది.

"ఇందులోంచి కూడా మీరు కొత్తగానే కనిపిస్తున్నారు, ఇంజనీరు గారూ."

వెనక గదిలో యంత్రం దగ్గర కూర్చుని, లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతడి పని. ఇంజనీరు కాడు. అయినా ఆ పేరు ఆ పూటకే స్థిరపడిపోయింది.

ఆపైన సాయంత్రం టీ వేళల్లో వాదనలు సాగాయి.

"ఆ గొడుగు మీ తాతయ్యగారిదా?"

"నాదే. ఇంటర్‌లో కొనుక్కున్నాను. మీ కొత్త గొడుగు గాలికి తిరగబడినప్పుడు చెప్పండి, ఇందులో చోటిస్తాను."

"మరి ఆ హ్యాండ్‌బ్యాగు?"

"మీకంటే ముందునుంచీ నాతో ఉంది. కాస్త మర్యాదగా మాట్లాడండి."

ఆమె చేతిలో ఓడిపోవడం అతడికి మొదట అలవాటైంది, తర్వాత ఇష్టమైంది. చివరికి ఆ టీ వేళ కోసమే పొద్దున్నుంచీ ఎదురుచూసే దశకు వచ్చాడు. మనసులో మాట చెబుదామంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

ఈలోగా ఆమె పవర్ మారింది. కొత్త లెన్సులు తెప్పించి, పాత జోడుతో సహా అతడి బల్లమీద పెట్టి, "ఇందులో బిగించండి" అని వెళ్లింది. నోటితో చెప్పలేనిది చేత్తో చెబుదామనుకున్నాడు అతడు. షోకేసులోని సన్నటి వెండిరంగు ఫ్రేము కొని, లెన్సులు దానికి సరిపడా కోసి, బిగించి, రిబ్బను కట్టి ఇచ్చాడు.

ఆమె విప్పింది. పెట్టుకుంది. నవ్వలేదు.

"నా ఫ్రేమేది?"

"భద్రంగా ఉందండీ. ఇది సర్‌ప్రైజ్."

"సంతోషం. ఈ లెన్సులు తీసి అందులో పెట్టండి."

అప్పుడుగాని తాను చేసిన నిర్వాకం అతడికి తెలిసిరాలేదు. చిన్న ఫ్రేముకని కోసిన లెన్సు పెద్ద ఫ్రేములో నిలవదు. అరగదీసిన అద్దాన్ని తిరిగి పెంచే యంత్రం ఏ షాపులోనూ లేదు. అతడి మొహం చూసి ఆమెకూ విషయం అర్థమైంది.

"పాపం, కొనుక్కోలేకపోతోందనుకున్నారా?"

"అయ్యో, అది కాదండీ..."

"పొద్దున కళ్లు తెరవకముందే నా చేయి దానికోసం వెతుక్కుంటుంది. ముక్కుమీద దాని బరువు ఉంటేనే నేను నాలా ఉంటాను. బాగుంది కాబట్టి వాడుకుంటున్నాను. ఇందులో అర్థంకానిదేముంది?" ఆమె గొంతు పెరగలేదు. "ఫిట్టింగ్ చక్కగా చేశారు. నన్ను అడక్కుండా చేశారు. రేపటినుంచి టీకి నాకోసం చూడకండి."

గత్యంతరం లేక ఆమె వెండిరంగు జోడుతోనే పనిచేసింది. వచ్చినవాళ్లంతా బాగుందనేవారు, ఒక్కొక్క మెచ్చుకోలుకూ ఆమె చూపు వెనక గదివైపు చురుక్కున తిరిగేది. "ఇప్పుడు మా షాపు మనిషిలా ఉన్నావమ్మా" అని ఓనరు గారు ముచ్చటపడిన రోజున, అతడు యంత్రం చాటున ఇంకాస్త ముడుచుకున్నాడు.

అదే పవర్ లెన్సులు మళ్లీ తెప్పించాడు. కాఫీరంగు ప్లాస్టిక్ ఏళ్ల వాడకంతో పెళుసెక్కింది; మామూలుగా చేసినట్టు వేడిచేసి సాగదీసి లెన్సు బిగిస్తే చిట్లుతుంది, లెన్సే దానికి వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. అందుకని యంత్రాన్ని నమ్ముకోక, సానమీద చేత్తోనే లెన్సును కొద్దికొద్దిగా అరగదీస్తూ, ఫ్రేముకు ఆనించి చూసుకుంటూ కూర్చున్నాడు. కాడ చివర పంటిగాట్లు కనిపించాయి: పరీక్షల్లో కొరికి ఉంటుంది. ఎడమ కాడ ఒకింత వంగింది: పక్కకు తిరిగి పడుకుని చదివే మనిషన్నమాట. తనకు తెలియని ఆమె ఏళ్లన్నీ ఆ కాస్త ప్లాస్టిక్కుకు తెలుసు. అతడికి దానిమీద అసూయ కలిగింది. అలవాటుకొద్దీ పాలిష్ చక్రంవైపు సాగిన చేయి, దారిలోనే ఆగిపోయింది.

మర్నాడు వాన. షాపులో జనం లేరు. అతడు పరీక్ష గదిలోకి వెళ్లి జోడు ఆమె ముందుంచాడు. ఆమె వేలితో కాడ చివర తడిమింది.

"గాట్లు అలాగే ఉన్నాయే. పాలిష్ చేయలేదా?"

"అవి మీవి కదండీ. అడక్కుండా ఎలా తీస్తాను?"

ఆమె వెండిరంగు జోడు తీసి బల్లమీద పెట్టి, పాతది పెట్టుకుంది. గోడమీది అక్షరాల చార్టును చూసింది, కిటికీలోంచి వానను చూసింది, ఆఖరికి అతణ్ణి చూసింది. అక్షరాల మీదకంటే అతడి మీద ఆమె చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది.

"ఎలా ఉందండీ?"

"అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మీరే చిక్కిపోయారు."

"టీ లేదు కదా."

ఆమె పెదవి బిగబట్టినా నవ్వు కళ్లలోంచి జారిపోయింది. "ఇంతకీ ఆ వెండిరంగుది ఎందుకు కొన్నట్టు?"

"చెప్పే ధైర్యం లేక."

"ఇప్పుడైనా ఉందా?"

"మీరంటే నాకిష్టం."

గదిలో వానచప్పుడు ఒక్కసారిగా పెరిగినట్టయింది. ఆమె వెండిరంగు జోడును తీరిగ్గా మడిచి బ్యాగులో వేసుకుంది.

"ఇది ఇంట్లో పెట్టుకుంటాను. పదేళ్లు వాడితే నచ్చుతుందేమో."

"పదేళ్లా? మరి నా సంగతో?"

"మీకు అంత పట్టదులెండి." ఆమె లేచి, టీకి వెళ్దాం పదమన్నట్టు తలుపు తీసింది. "ఆదివారం ఇంటికి రండి, నాన్నగారితో మాట్లాడాలి కదా. ఆయన కుర్చీ నాకంటే వయసులో పెద్దది. ఎంత కిర్రుమన్నా సరే, కొత్తది కొనిపెడతానని మాత్రం అనకండి."