ఇరవై రోజుల కంచె

ఆ ఉదయం నేనింకా షాపు షట్టరు పూర్తిగా ఎత్తనైనా లేదు. ఒకమ్మాయి వచ్చి, కాగితంలో చుట్టిన చచ్చిన కోడిపెట్టను నా వెల్డింగ్ బల్ల మీద పెట్టింది.

"ఏంటండీ ఇది?"

"మీ పనితనం."

పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మాయి. వాళ్ల దొడ్డికి వల బిగించింది నేనే. మూడు రోజులైనా కాలేదు.

"వల తెగిందా?"

"తెగితే బాగుండేది! ముంగిస కన్నంలోంచి దర్జాగా దూరింది. కోళ్లు బయటికి పోకుండా కట్టారు సరే, ముంగిస లోపలికి రాకుండా ఎవరు కడతారు, మీ తాతా?"

చవగ్గా వస్తుందని పెద్ద కన్నాల వల వేసిన మాట నిజమే.

"ఇంకొక్కటి పోతే మందంతా సంతకే అంటున్నారు నాన్న. గూట్లో పెట్టేయమంటున్నారు పక్కింటివాళ్లు. తిరగని కోడి కోడేనా? మా అమ్మ వీటిని ఒక్కరోజు కూడా కట్టిపడెయ్యలేదు..."

అంతసేపూ గుక్కతిప్పుకోకుండా తిట్టిన మనిషి గొంతు 'అమ్మ' దగ్గర జీరబోయింది. వాళ్లమ్మ పోయి రెండేళ్లయిందని తర్వాత తెలిసింది.

"మళ్లీ కడతాను. నాలుగు రోజుల్లో" అన్నాను.

సన్న కన్నాల గట్టి వల తెచ్చాను. దొడ్డి చుట్టూ జానెడు లోతు తవ్వి, వల అంచును బయటికి మడిచి పాతాను. కుక్క తవ్వినా, ముంగిస తవ్వినా కాళ్లకు ఇనుమే తగలాలి. నాలుగోరోజు సాయంత్రం చేతులు దులుపుకుంటుంటే ఆమె ఆకాశం కేసి చూసింది.

"మరి డేగ? గేటు దగ్గర టికెట్ తీసుకుని వస్తుందా?"

ఆ ప్రశ్నకు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మర్నాటి నుంచి నిచ్చెనెక్కి దొడ్డి మీదుగా అడ్డదిడ్డంగా నైలాన్ తాళ్లు కట్టడం మొదలుపెట్టాను. ఆమె కింద నుంచి రంగురంగుల గుడ్డ పీలికలు అందించేది. అందించేటప్పుడు ఒక్కోసారి నా కేసి చూసేది. అప్పుడే నా ముడి జారేది.

ఏడోరోజు మధ్యాహ్నం సన్నగా జల్లు. తాళ్లు సగమే అయ్యాయి. ఉన్నట్టుండి పుంజు గొంతు చించుకుని అరిచింది. కోళ్లన్నీ పొదల్లోకి పరుగు. ఒక్క తల్లికోడి మాత్రం, పిల్లలతో ఖాళీ జాగాలో చిక్కుకుపోయింది.

డేగ నీడ నేల మీద జర్రున జారింది.

టైలరమ్మాయి గొడుగు విప్పుకుంటూనే పరుగెత్తి, కోడి మీద వాలిపోయింది. డేగ గోళ్లు గొడుగు గుడ్డను బర్రున చీల్చాయి. నేను నిచ్చెన మీంచి దూకి, అరుచుకుంటూ కుంటుకుంటూ పరుగెత్తాను. డేగ లేచి చెట్ల మీదుగా పోయింది.

చినిగిన గొడుగు కింద ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని పిల్లల్ని లెక్కపెట్టాం. పది. మళ్లీ పది. పదకొండోది ఆమె ఒళ్లోంచి 'కిచ్' మంది. ఆమె ఏడుస్తూనే నవ్వేసింది.

"నిచ్చెన దిగడం రాదా మీకు?"

"దిగే టైమ్ ఎక్కడుందండీ?"

ఎవరిదో కుట్టాల్సిన కొత్త గుడ్డ పర్రున చింపి నా చీలమండకు కట్టింది. ఆ వాన, తడిసిన ఈకల వాసన, ఆ వేళ్ల చల్లదనం... ఇరవై రెండేళ్లయినా నిన్నటిలాగే ఉన్నాయి.

కాలు బాగైనా నేను వెళ్లడం మానలేదు.

"ఈ మూల వదులైందండీ."

"నిన్న మీరే బిగించారుగా!"

"రాత్రి వదులైంది."

ఇరవయ్యో రోజున వాళ్ల నాన్న వాకిట్లో కుర్చీ వేసుకుని నాకోసమే కూర్చున్నాడు. రిటైరైన లారీ డ్రైవరు. మీసాలు చూస్తేనే బ్రేకు పడుతుంది.

"లారీలో ఊళ్లన్నీ తిరిగొచ్చాను. ఇంత దొడ్డికి ఇరవై రోజుల కంచె ఎక్కడా చూళ్లేదు. ఏంటయ్యా కథ?"

"పిల్లల్ని డేగ ఎత్తుకుపోకుండా..."

"పిల్లను నువ్వెత్తుకుపోతావేమోనని చూస్తున్నా."

ఇక దాచి లాభం లేదనిపించింది. "మీ అమ్మాయి కోసమే వస్తున్నానండీ. కంచె వారం కిందటే అయిపోయింది."

లోపల మిషను చప్పుడు ఆగింది.

"విన్నావా అమ్మా?" అన్నాడాయన, నా మీంచి చూపు తిప్పకుండానే.

"వారం కాదు నాన్నా, పదిరోజులైంది" అంది లోపలి గొంతు. "నేను లెక్కపెడుతూనే ఉన్నా."

ఆయన దొడ్డిలో తాళ్ల కింద తీరిగ్గా గింజలేరుకుంటున్న కోళ్లను చూస్తూ ఉండిపోయాడు.

"వాళ్లమ్మ ఉంటే మిమ్మల్నిద్దర్నీ మొదటిరోజే పట్టేసేది. నాకే ఇరవై రోజులు పట్టింది" అని లేచి, తన కుర్చీ నాకేసి జరిపాడు. "కూర్చో బాబూ. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారో చెప్పు."