వడగళ్ల పేజీలో ద్రాక్షాకు

ఆదివారం ఉదయం కాఫీ తాగిన కప్పు కడిగి బోర్లించి, ఒరెస్తె కూతురు నివేస్ పనిగదిలోకి వెళ్లాడు. చర్చి నుంచి వచ్చాక, ఇంట్లో తరతరాలుగా ఉన్న పాత పుస్తకంలో ఒక పేజీ తెరిచి చూసుకోవడం, భార్య దెల్ఫీనా పోయినప్పటి నుంచీ ఆయనకు అలవాటు. ఏ పేజీయో ఎవరికీ చెప్పడు. ఇటలీలోని పాదువాలో, ఆ ఇంట్లో అలాంటివి ఎవరూ అడగరు కూడా.

అయిదు వందల ఏళ్ల కిందట వెనిస్‌లో అచ్చయిన పుస్తకం అది. మూలికలు, రాళ్లు, పక్షులు, పిడుగులు, వడగళ్లు, వీటి గురించి అంతకు ఎంతో ముందు సన్యాసులు రాసిపెట్టిన సంగతులన్నీ ఒక్కచోట చేర్చి వేశారు. సగం తప్పులే. మేకరక్తంలో నానబెడితే వజ్రం మెత్తబడుతుందని కూడా అందులో ఉంది. ఇంకో ప్రతి దొరకడం గగనం కనుక, ఊళ్లో మ్యూజియం వాళ్లు ప్రదర్శనకు అడిగారు. ఒరెస్తె సరేనన్నాడు. పాత పుస్తకాలు బాగుచేయడమే నివేస్ వృత్తి. కుట్లు విప్పి, కాగితాలు విడదీసి, శుభ్రం చేయడం మొదలుపెట్టింది.

"నివేస్! ఇందులో ఆకులేవీ?"

గోరువెచ్చని నీళ్లున్న వెడల్పాటి ట్రే మోసుకొస్తూ నివేస్ గుమ్మంలో ఆగింది. "ఏ ఆకులు నాన్నా?"

"పేజీల మధ్య ఉండేవి. ఎండిపోయినవి."

"ఓ, అవా! మొన్ననే బ్రష్‌తో దులిపేశాను. ముట్టుకుంటే పొడైపోతున్నాయి. కాగితం నిండా మరకలు వాటి వల్లే."

"దులిపి?"

"చెత్తలో వేశాను. ఇంకేం చేస్తాను, సూప్ కాస్తానా?"

ఒరెస్తె కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. చెత్తబండి నిన్ననే వచ్చి వెళ్లింది.

ఆయన అక్క ఎర్సిలియా వంటింట్లోంచి పొలెంటా కలిపే కర్రతో సహా పరుగెత్తుకొచ్చింది. ఉడుకుతున్న మొక్కజొన్న పిండిని వదిలి రావడం ఆవిడ జన్మలో చేయని పని. "పారేశావా? దేవుడా! ఒసే, అవి ఈ ఇంటి కోడళ్లవే!"

"కోడళ్లవేంటత్తా?"

ఎర్సిలియా చెప్పింది. పెళ్లినాడు కొత్త కోడలు ఒక ఆకు కోసి, ఒంటరిగా వెళ్లి ఆ పుస్తకంలో దాచాలి. పెళ్లికొడుకు వెతికి పట్టుకోవాలి. దొరికాక ఏ పేజీయో ఇద్దరూ పైకి అనకూడదు. ఆ ఇంట్లో పెళ్లి కుదిరినవాళ్లకే ఈ సంగతి చెబుతారు. నలభై దాటినా పెళ్లి మాటెత్తనివ్వని నివేస్‌కు చెప్పే సందర్భం రాలేదు.

"మీరే దాచిపెట్టి ఇప్పుడు నన్నంటే ఎలా? నాకేం తెలుసు?" నివేస్ ట్రేను బల్ల మీద పెట్టింది.

"తెలియాల్సిన పనేముంది?" ఒరెస్తె అరవలేదు. అరిచినా బాగుండేది. "పరాయివాళ్ల పుస్తకంలో వెంట్రుక దొరికినా కవర్లో పెట్టి, ఎక్కడ దొరికిందో రాసి మరీ తిరిగిస్తావు. నువ్వే గొప్పగా చెప్పేదానివి. మనింటిది అనేసరికి ఊడ్చేశావు."

నివేస్ బల్ల మీది బ్రష్‌ను పక్కకు నెట్టింది. పుస్తకంలో దొరికిందేదైనా పుస్తకంలో భాగమే అన్నది, పని నేర్చుకునేటప్పుడు అన్నిటికంటే ముందు నేర్పే విషయం. పరాయి పుస్తకాల దగ్గర ఆమె దాన్ని ఒక్కసారి కూడా మరవలేదు.

"మీ అమ్మదీ అందులోనే ఉంది," అన్నాడాయన. "పొడైపోతుందేమోనని నేను వేలు కూడా పెట్టేవాణ్ణి కాదు. చూసి మూసేసేవాణ్ణి."

పొలెంటా మాడు వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. నివేస్‌కు సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది.

"ఏ పేజీ నాన్నా?"

"చెప్పకూడదు."

"ఆకే పోయాక ఇంకా దాపరికమేంట్రా? చెప్పు," అంది ఎర్సిలియా.

ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అందరూ మూలికల పేజీల్లోనే పెడతారు. నేనూ ఆ వేసవంతా అక్కడే వెతికాను. మీ అమ్మ ఒకటే నవ్వు. చివరికి వడగళ్ల పేజీలో దొరికింది. మా పెళ్లి విందులో వడగళ్లు పడ్డాయి. మీ తాత ద్రాక్షతోట నాశనమైపోయింది. చుట్టాలంతా అపశకునమన్నారు. మీ అమ్మేమో తోటలోకెళ్లి, వడగల్లు చిల్లు పెట్టిన ఆకు ఒకటి ఏరుకొచ్చింది."

నివేస్ ట్రే వైపు చూసింది. వడగళ్ల పేజీ ఆమెకు బాగా తెలుసు. అన్నిటికంటే పెద్ద మరక దాని మీదే ఉందని, మొదట కడగాలని పైన తీసిపెట్టుకుంది. ఆ నీళ్లు కాచింది దానికోసమే.

ఆ కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి తండ్రి ముందు పెట్టింది. లేత గోధుమరంగు మరక. ఇందాకటి వరకూ ఆమె కంటికి అది వట్టి మరకే. ఇప్పుడు చూస్తే రంపపు అంచులున్నాయి, అయిదు కొసలున్నాయి, తొడిమ ఉంది. మధ్యలో బఠాణీ గింజంత మేర కాగితం తెల్లగానే మిగిలింది.

ఒరెస్తె కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. ఆ తెల్లని చోట వేలు పెట్టబోయి ఆపుకున్నాడు.

"ముట్టుకో నాన్నా," అంది నివేస్. ఆ బల్ల మీది కాగితాన్ని ఎవరినీ తాకనివ్వని మనిషి ఆమె.

ఆయన వేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"మా అమ్మదీ ఉంటుందే ఇందులో," ఎర్సిలియా ముక్కు చీదుకుంటూ అంది. "ఒక్కొక్కటీ చూపించవే. మరి ప్రదర్శనకి ఇలా మరకలతోనే ఇస్తావా?"

"ఇస్తే ఇలాగే ఇస్తానత్తా."

నివేస్ ట్రే ఎత్తి సింకులో వంచేసింది. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.