పెలికన్ హార్బర్‌లో నా పేరిట ఒక వీధి

జూలై నెల, ఇక్కడ చలికాలం. పొద్దున్న తొమ్మిదైనా పొగమంచు విడలేదు. పెలికన్ హార్బర్ చివరి మలుపులో నా ఉత్తరాల బండి ఆపి, కొత్తగా పాతిన స్తంభం వంక చూశాను. ప్రారంభోత్సవం దాకా పేరు కనపడకుండా దానికి నల్ల ప్లాస్టిక్ సంచి తొడిగారు. అది గాలికి సగం ఊడి టపటపా కొట్టుకుంటోంది. దాని కింద తెల్లటి అక్షరాలు: రోవన్ ప్రిడో వీధి.

రోవన్ ప్రిడో అంటే నేనే.

ఇక్కడి పేర్లకి నేను ఎప్పుడో అలవాటు పడ్డాను. మెల్‌బోర్న్‌కి పడమట పొలాల్లో ఇంకా ఇళ్లు కడుతున్న ఈ పెలికన్ హార్బర్ కాలనీలో పెలికన్ పక్షి లేదు, రేవు అసలే లేదు. సముద్రం చూడాలంటే కారులో గంట పోవాలి. లైట్‌హౌస్ రోడ్డులో అన్నిటికన్నా ఎత్తైన దీపం పెట్రోలు బంకుది. ఆపిల్ తోట సందులో ఒకే ఒక్క మొక్క నాటారు, అది ఎండిపోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు గానీ, ఇక్కడ దిబ్బ కూడా లేదు, అంతా చదునే.

కానీ ఆ రోజు నవ్వు రాలేదు. ఆ వీధిలో ఒక్క ఇల్లు కూడా పూర్తి కాలేదు. వరసగా చెక్క చట్రాలు, వాటిలోంచి గాలి ఈల వేస్తోంది. బండి తిప్పి తిన్నగా ఇళ్ల స్థలాలు అమ్మే సేల్స్ ఆఫీసుకి పోయాను.

లోపల బల్ల దగ్గర ఉన్న అమ్మాయి నన్ను చూసి టీ కప్పు కింద పడేసింది. చొక్కా మీది బిళ్లలో పేరుంది: కార్లా జామిట్.

"వీధులకి పేర్లు పెట్టేదెవరు?" అన్నాను.

"నేనే. మీరు... ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం, ఉండకూడదా?"

"గుండెనొప్పి, జ్వరం, అలాంటివేమైనా..."

"అమ్మాయ్, ఉత్తరాలిచ్చేవాణ్ణి నేను, వైద్యానికి రాలేదు. నా పేరు ఆ స్తంభం మీద ఎందుకుందో చెప్పండి."

ఆమె కుర్చీలో కూలబడింది.

"దగ్గరలో ఉన్న పేరు మళ్లీ పెట్టకూడదని కౌన్సిల్ రూలు. కొంగలైపోయాయి, అలలైపోయాయి, పూలన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది మనుషుల పేర్లు. బతికున్నవాళ్లవి పెట్టనివ్వరు. ఫారంలో 'మరణించారు' అని ఒక గడి ఉంటుంది. ఆ రోజు సాయంత్రం ఐదులోపు ఒక పేరు కావాలి. ఒక్కటే తోచింది. టిక్కు పెట్టేశాను."

"నన్ను చంపేశారన్నమాట! నా పేరెలా తెలిసింది?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మనిషి లేనప్పుడు మీరు తలుపు దగ్గర పెట్టే చీటీ మీద సంతకం ఉంటుందిగా."

"మీరు రోజంతా ఇక్కడే ఉంటారు కదండీ?"

"బల్ల కింద దాక్కునేదాన్ని."

"ఎందుకు?"

"చీటీ కోసం," అంది నేల చూస్తూ.

పకపకా నవ్వేశాను. ఆమె మాత్రం నవ్వలేదు.

"ముందు ఇంకో ఇద్దరున్నారు," అంది. "నార్మ్ కిట్టో అని, ఈ పొలం అమ్మిన రైతు. పోయాడని ఎవరో అంటే నమ్మి టిక్కు పెట్టాను. ఆయన బతికే ఉన్నాడు. ఆయన వీధికి సంచి తీసిన రోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. తర్వాత బెరిల్ హాడో, బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించేది. ఆవిడ విషయంలోనూ అదే తప్పు చేశాను. సంచి తీసిన గంటకి పోయింది."

"కాకతాళీయం. పెద్దవాళ్లు కదా."

"నేనూ అలాగే సర్ది చెప్పుకున్నాను. కానీ నిన్న మీ బండి రాలేదు."

"నిన్న నాకు సెలవు!"

"నాకెవరు చెప్పారు? పొద్దంతా ఏడ్చాను," అంది.

ప్రారంభోత్సవానికి ఆరు వారాలుంది. కార్లా తప్పు ఒప్పుకుని పేరు మార్చమంటే, కరపత్రాలు అచ్చయిపోయాయన్నాడు మేనేజరు. కౌన్సిల్ వాళ్లు నవంబరు సమావేశంలో చూద్దామన్నారు.

మొదటి వారం కార్లాని బాగా ఏడిపించాను. "దివంగతుడు వచ్చాడు, టీ ఇవ్వు," అనేవాణ్ణి. రోజూ తొమ్మిదింబావుకి మాంసం కూరి కాల్చిన 'పై' ఒకటి వేడిగా పట్టుకుని గుమ్మంలో నిలబడేది. "నాలుక చూపించు. చెయ్యి ఇటివ్వు," అని నాడి పట్టుకునేది. మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు. నా నాడి ఎందుకంత జోరుగా కొట్టుకుంటోందో ఆమెకి తెలియలేదు, నేనూ చెప్పలేదు.

మూడో వారంలో ఏడిపించడం మానేశాను. లైట్‌హౌస్ రోడ్డు నలభై రెండో నంబరులో ఒక కుక్క ఉంది. నాలుగేళ్లుగా నేనంటే దానికి పడదు, గేటు దగ్గరికి వెళ్తే చాలు మీదికి దూకేది. ఆ సోమవారం మొరగలేదు. పిలిచాను, ఈల వేశాను. అది నాలోంచి వెనకాల రోడ్డుని చూస్తూ కూర్చుంది. సూపర్ మార్కెట్‌లో తలుపు నా ముందు తెరుచుకోలేదు. వెనక ఒక ముసలావిడ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పుడు భయం వేసింది, నిజంగానే.

ఆ మధ్యాహ్నమే వాన. ఇద్దరం నా వీధిలో సగం కట్టిన ఇంటి కప్పు కింద నిలబడ్డాం. కార్లా జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"నేను ఆలోచించాను," అన్నాను. "లేకుండా పోవాల్సింది రోవన్ ప్రిడో కదా? నేను పోనక్కర్లేదు, పేరు పోతే చాలు. రిజిస్ట్రారుకి దరఖాస్తు పెడితే మార్చేస్తారట."

"అయితే పెట్టు! ఇంకా నిలబడ్డావేం?"

"ఏ పేరు రాయను? పేర్లు పెట్టేదానివి నువ్వు కదా. నాకొకటి పెట్టు."

"నా దగ్గరున్నవన్నీ అబద్ధాలే రోవన్. లేని రేవులు, లేని తోటలు."

"నిజమైంది ఒక్కటైనా లేదా?"

తడి జుట్టు పిండుకుంది. తర్వాత మెల్లగా అంది: "ఒకటుంది. పాతది. మా తాత మాల్టా నుంచి ఓడలో వస్తూ తెచ్చుకున్నాడు. అంత అందంగా ఉండదు. జామిట్."

"రోవన్ జామిట్," అని పైకే అనుకున్నాను. "నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడుగుతున్నావా?"

"నీ ప్రాణం కాపాడుతున్నాను, మొద్దూ!"

"రెంటికీ పెద్ద తేడా లేదు. నువ్వంటే నాకు ప్రాణం కార్లా."

"ముందు బతుకు. మిగతాది తర్వాత," అంది. కానీ నా చొక్కా అంచు వదల్లేదు.

ఇల్లరికానికి ఒప్పుకున్నట్టే. వాళ్ల నాయనమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "మా ఇంటిపేరు మొయ్యాలంటే ఒంట్లో సత్తువుండాలి నాయనా," అని పాలవిరుగుడు కూరిన మాల్టా కజ్జికాయలు, పాస్టిజ్జీలు, మరో నాలుగు నా పళ్లెంలో వేసింది. అదే దీవెన అనుకున్నాం.

పేరు మారినట్టు రిజిస్ట్రారు ఇచ్చే కాగితం సేల్స్ ఆఫీసు చిరునామాకి పంపమన్నాం. రోజులు గడిచాయి, అది రాలేదు. ప్రారంభోత్సవం గురువారం పదకొండింటికి. ఆ పొద్దున్న పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే బల్ల మీద నా కట్టలో దొరికింది, రోవన్ జామిట్ పేరు మీద. ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు దాని కింద ఇంకో కవరు కనపడింది.

రోవన్ ప్రిడో, ఏడో నంబరు, రోవన్ ప్రిడో వీధి.

ఏడో నంబరు లేదు, ఖాళీ స్థలం. స్టాంపు ఉంది, పంపినవారి పేరు లేదు. చేతిరాత అచ్చం నా రాతలాగే ఉంది.

నేను వెళ్లేసరికి పొగమంచులో బెలూన్లు, సాసేజీలు కాలుస్తున్న వాసన, పాతిక మంది జనం. కౌన్సిలర్ సంచికి కట్టిన తాడు పట్టుకుని కాగితం చూసి చదివాడు. "దివంగత రోవన్ ప్రిడో గారి తరఫున ఎవరైనా వచ్చారా?"

జనం అటూ ఇటూ చూశారు. నా చేతిలో కవరు చల్లగా, తడిగా ఉంది. అందులో ఏముందో చూడాలని చచ్చేంత కోరికగా ఉంది. నాకు తెలియకుండానే బొటనవేలు అంచు కిందికి పోయింది.

"తెరవకు." కార్లా నా పక్కనే ఉంది, ముఖం పాలిపోయి. "అది నీది కాదు."

నిజమే. నాది కాని ఉత్తరం నేనెప్పుడూ విప్పలేదు. కౌన్సిలర్ తాడు లాగాడు. నేను చెవి వెనక ఉన్న పెన్ను తీసి కవరు మీద రాశాను: ఈ పేరుగలవారు ఇక్కడ లేరు. పంపినవారికి తిరిగి ఇవ్వవలెను.

సంచి జారి పడింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఆ చప్పుడు వినపడలేదు. కాళ్ల కింద నేల ఉందో లేదో తెలియలేదు. పొగమంచు తప్ప ఏమీ లేదు.

"రోవన్ జామిట్," అని పిలిచింది కార్లా. ఏడుస్తూ మళ్లీ పిలిచింది, గట్టిగా. "రోవన్ జామిట్!"

"ఆఁ," అన్నాను. "ఉన్నాను."