జసింత కుర్చీ

"లెయ్. ఆ కుర్చీలో మనిషుంది."

షంషాద్ నాతో అన్న మొదటి మాట ఇదే. తర్వాత నన్ను ఎన్ని మాటలన్నదో లెక్కలేదు గానీ, అంత చల్లగా మాత్రం ఇంకేదీ అనలేదు.

నేను అటూ ఇటూ చూశాను. కుర్చీ కింద కూడా వంగి చూశాను.

"ఎవరూ లేరుగా?"

"జసింత ఉంది."

"ఎక్కడ?"

"నువ్వు కూర్చుంది తన ఒళ్లోనే."

స్ప్రింగు తెగినట్టు లేచాను.

అది ఎనభై ఏడు, జూన్ నెల. హైదరాబాద్ టీవీ స్టూడియోలో కాలేజీల క్విజ్ ఫైనల్ రికార్డింగ్. రాష్ట్రమంతా వడగడితే చివరికి మిగిలిన రెండు జట్లూ మా నరసరావుపేటవే. అబ్బాయిల కాలేజీ నుంచి నేనూ, నరసింహారావూ. అమ్మాయిల కాలేజీ నుంచి షంషాద్, జసింత.

జసింత పోయి అప్పటికి పన్నెండు రోజులు. సెలవులకని సొంతూరు రెంటచింతల వెళ్లింది. క్విజ్ కోసం మాచర్ల పోయి జనరల్ నాలెడ్జ్ పుస్తకం కొనుక్కుని, మిట్టమధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే వడదెబ్బ తగిలింది. సాయంత్రానికి మనిషి లేదు. షంషాద్ వేరే అమ్మాయిని జట్టులోకి తీసుకోనంది. కుర్చీ తీసేస్తామని స్టూడియో వాళ్లంటే, అయితే నేనూ ఆడను అంది.

మా నాన్న అహ్మద్‌ది నరసరావుపేటలో టీవీ రిపేరు షాపు. "దయ్యాలు లేవురా గఫారూ, లూజ్ కాంటాక్టులే ఉన్నాయి" అనేవాడు. నాకూ అదే మతం. కాబట్టి నేను ధైర్యంగా వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. కూర్చునే ముందు ఒకసారి చేత్తో తడిమి చూశానంటే అది దుమ్ము కోసం.

పోటీ మొదలైంది. ప్రతి జవాబుకీ ముందు షంషాద్ పక్కకి వంగేది. ఖాళీ కుర్చీ దగ్గర చెవి పెట్టేది. తలూపేది. చెప్పేది. అన్నీ రైటే.

"ఒరేయ్, ఆ పిల్లకి సైన్స్ తప్ప ఇంకేం రాదని మా చెల్లెలు చెప్పిందిరా" నరసింహారావు నా చెవిలో గొణిగాడు. "ఈ రాజుల పేర్లన్నీ ఎట్టా చెప్తంది? చరిత్రంతా ఆ చనిపోయిన పిల్ల చదివేదంట!"

"బట్టీ కొట్టి ఉంటది."

"మరి అట్టా వంగి ఎవర్ని అడుగుతంది?"

"ఏసీ గాలికి మెడ పట్టేసి ఉంటదిలే."

నా మెడ మీద వెంట్రుకలు మాత్రం ఆ మాట నమ్మలేదు. అంత భయంలోనూ ఆమె కళ్లు ఎంత బాగున్నాయో గమనించాను. నా బుద్ధికి నాకే సిగ్గేసింది.

చివరి ప్రశ్నకి రెండు జట్లూ సమానం. ముందు బజర్ నొక్కిన వాళ్లదే కప్పు.

క్విజ్ మాస్టర్ కార్డు తీశాడు. "మన రాష్ట్రంలో ఎండలకు పేరుపడిన పల్నాటి ఊరు ఏది?"

పల్నాడులో పుట్టిన ఎవరైనా నిద్రలో లేపినా చెప్తారు. నా వేలు బజర్ మీదే ఉంది. నొక్కలేకపోయాను. ఎదురుగా షంషాద్ రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. ఆ ఊరి ఎండే కదా జసింతను తీసుకుపోయింది.

షంషాద్ బల్ల మీద ఎర్రలైటు వెలిగింది.

ఆమె చేతులు మొహం మీదే ఉన్నాయి.

"టీమ్ బి, చెప్పండి."

"రెంటచింతల" అంది వేళ్ల సందుల్లోంచి.

"ఒరేయ్, నొక్కలేదురా! చెప్పరా వాళ్లకి!" నరసింహారావు నా తొడ గిల్లుతూనే ఉన్నాడు. నేను బజర్ మీంచి వేలు తీసేశాను.

బయట వాన. షంషాద్, తోడుగా వచ్చిన వాళ్ల నానమ్మ హజ్రా బీ చూరు కింద నిలబడ్డారు. నేనూ అక్కడే నిలబడ్డాను. నా దగ్గర గొడుగు ఉంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నా చేతులు చూశావా?" అంది షంషాద్.

"చూశా."

"మరి చెప్పలేదేం?"

"లూజ్ కాంటాక్ట్ అయ్యుంటది."

"నీ మొహం" అని వానలోకి తిరిగింది. ఆ తిట్టు పేట చేరేదాకా నా చెవుల్లో తియ్యగా తిరిగింది.

మూడు వారాల తర్వాత ఆమే మా షాపుకి వచ్చింది.

"ఆదివారం సాయంత్రం మన క్విజ్ టీవీలో వేస్తున్నారంట. రెంటచింతలకి ఒక టీవీ కావాలి. జసింత వాళ్లమ్మ ఇన్నమ్మత్త చూడాలంటంది."

"ఏం చూస్తది? ఆ కుర్చీ..."

"అదే నా భయం." అంది షంషాద్. "'నన్ను టీవీలో చూద్దువుగానిలే అమ్మా' అని చెప్పి పోయిందంట. ఆమె దాన్నే పట్టుకుని కూర్చుంది. ఖాళీ కుర్చీ చూస్తే ఏమైపోద్దో. ఇంకోటి... ఆ పుస్తకం తెమ్మని ఉత్తరం రాసింది నేనే గఫార్. ఎవరికీ చెప్పలా. జసింతకి నా మీద కోపమేమో."

నేను లేచి చిన్న టీవీ, అల్యూమినియం యాంటెనా, పైపు కట్టేశాను. ఆదివారం హజ్రా బీని తోడు తీసుకుని ముగ్గురం బస్సెక్కాం.

రెంటచింతలలో హైదరాబాద్ సిగ్నల్ అందీ అందనట్టు ఉంటుంది. నేను ఇన్నమ్మ గారి డాబా ఎక్కి పైపు తిప్పుతున్నాను. కింద షంషాద్ ఇన్నమ్మ పక్కన కూర్చుంటే, హజ్రా బీ గుమ్మంలో నిలబడి అరుస్తోంది.

"వచ్చిందా దాదీ?"

"చుక్కలే బేటా!"

"ఇప్పుడు?"

"ఆఁ, వచ్చింది వచ్చింది! నువ్వు కనపడుతున్నావ్! కానీ ఇద్దరు గఫార్‌లు కనపడుతున్నారు!"

అది నాకు తెలిసిందే. సిగ్నల్ కొండకి తగిలి ఆలస్యంగా వస్తే ప్రతి మనిషి పక్కనా ఒక నీడబొమ్మ పడుతుంది. పైపు వేలెడు తిప్పితే పోతుంది. తిప్పబోయాను.

కింద నుంచి కేక.

"నా బిడ్డ! అదుగో నా జసింత! కుర్చీలో కూర్చుందే!"

నా చేతులు ఆగిపోయాయి. షంషాద్ నీడబొమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీలో పడి ఉంటుంది.

వడగాలి వీస్తోంది. వదిలితే యాంటెనా తిరిగిపోతుంది, కుర్చీ ఖాళీ అవుతుంది. పొద్దు వాలినా ఆ పైపు ఇంకా కాలుతూనే ఉంది. అర్ధగంట పాటు దాన్ని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. కింద ఇన్నమ్మ టీవీతో మాట్లాడుతూనే ఉంది. "చిక్కిపోయావేంది తల్లీ? తలకి నూనె రాసుకోలేదా?" ఎవరైనా జవాబిస్తున్నట్టు మధ్యమధ్య ఆగేది. ఆ ఆగినప్పుడల్లా నాకు అంత వేడిలోనూ చలేసింది.

కిందికి దిగేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఇన్నమ్మ నడిమింట్లో కొవ్వొత్తి వెలిగించి జపమాల తిప్పుతోంది. మొహం నిమ్మళంగా ఉంది. షంషాద్ నా చేతుల మీద చెంబుతో నీళ్లు పోసింది.

"తిప్పితే ఆ నీడ పోయేదిగా?"

"పోయేది."

"మరి తిప్పలేదే?"

"ఆమె బిడ్డని ఆమె చూసుకుంటంటే మధ్యలో నేనెవర్ని?"

షంషాద్ చెంబు కింద పెట్టింది. "నీడంటే మనిషి చేసిందే చేస్తదిగా?"

"అంతేగా. అదే బొమ్మ రెండుసార్లు."

"చివరి ప్రశ్నకి నేను మొహం కప్పుకున్నా. కుర్చీలో నీడ కప్పుకోలా. చెయ్యి చాపి బజర్ నొక్కింది. నొక్కి, నా వైపు తిరిగి నవ్వింది. దాదీ కూడా చూసింది."

హజ్రా బీ తన జపమాల, తస్బీ పూసలు లెక్కపెడుతూ ఔనన్నట్టు తలూపింది.

"చెప్పు గఫార్. లూజ్ కాంటాక్టేనా?"

మా నాన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"కాదు. తనే."

"నా మీద కోపమా మరి?"

"కోపముంటే గెలిపిస్తదా?"

షంషాద్ అప్పుడు ఏడ్చింది, ఆ పన్నెండు రోజులూ ఆ తర్వాతా దాచుకున్నదంతా. ఏడుపు ఆగాక నేను, "నువ్వంటే నాకు చానా ఇష్టం" అన్నాను.

"ఇప్పుడా చెప్పేది?"

"భయంగా ఉంది. భయంలో అబద్ధం రాదు."

"అరె, ముందు వాడి చేతులకి వెన్న రాయవే" అంది హజ్రా బీ. "మిగతాది నా కొడుకుతో, మీ అబ్బాతో నేను మాట్లాడతా."

పేట బస్సులో హజ్రా బీ ముందు సీట్లో కూర్చుని మమ్మల్ని వెనక ముగ్గురి సీట్లో కూర్చోబెట్టింది. షంషాద్ కిటికీ పక్కన, నేను ఈ చివర, మధ్యలో ఖాళీ. పిడుగురాళ్లలో ఒక పెద్దాయన ఎక్కాడు.

"జరుగబ్బాయ్."

నేను షంషాద్ వైపు చూశాను. తర్వాత మధ్య సీటు వైపు చూశాను. దాని రెక్సిన్ ఎవరో కూర్చున్నట్టు కొంచెం లోపలికి దిగి ఉంది.

"లేదు పెద్దయ్యా" అన్నాను. "ఆ సీట్లో మనిషుంది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి వెనక్కి పోయాడు. షంషాద్ మొదటిసారి గట్టిగా నవ్వింది. పేట వచ్చేదాకా మేమిద్దరం ఆ సీటు మీద చెయ్యి కూడా పెట్టలేదు.